మంచు నేల మీద జొన్నరొట్టె

బుజ్జవ్వా, నువ్వు చదివిన బడివాళ్ళు నీ మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. అందులో నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. నీ సంగతి నీకు చెప్పకుండా నేనెవరికీ చెప్పేదాన్ని కాదు. అందుకే ముందు నీ చెవిన వేసి, తర్వాత వాళ్ళకు రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో.

చదివే పెద్దలకు, పిల్లలకు దండాలు. నా బిడ్డ ఈ చలికాలంలో పోయింది. మనకు చలికాలమైనప్పుడు అక్కడ ఎండాకాలమట. ఎండాకాలమన్న మాటే గాని అక్కడ నేలంటే మంచే. భూమికి అట్టడుగున, ఊరు లేని, చెట్టు లేని ఆ జాగలో మన దేశపు సైంటిస్టులు ఉండి పరిశోధన చేస్తారు. వాళ్ళనూ వాళ్ళ సామానునూ మోసే చిన్న విమానానికి నా బిడ్డ మెకానిక్. ఆ విమానం మంచు మీద దిగుతూ పడిపోయింది. అందులో నలుగురున్నారు. ముగ్గురు బతికారు.

ఆ కబురు వచ్చినప్పుడు నేను రొట్టెలు చేస్తున్నాను. సిద్దిపేటలో పొద్దు గూకే వేళ బస్టాండు దిక్కు వచ్చేవాళ్ళు నన్ను చూసే ఉంటారు. రోడ్డు పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. మా ఆయనది అక్కడికి దగ్గరే వైండింగ్ దుకాణం. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. దుకాణం మూసేదాకా అక్కడినుంచి కదలని మనిషి. ఆ రోజు చేతులకు వార్నిష్ అలాగే ఉండగా ఫోను పట్టుకుని నడిచి వచ్చాడు. నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"బుజ్జవ్వ ఎక్కిన విమానం పడ్డదట" అన్నాడు. కొంచెం ఆగి, "ఇంక రాదట" అన్నాడు.

నా చేతిలో పిండి ముద్ద ఉంది. దాన్ని అలాగే తడుతూ ఉన్నానట. రొట్టెల కోసం నిలబడ్డ ఒక తల్లి, ఆమె ఎవరో కూడా నాకు తెలియదు, పొయ్యిలో కట్టెలు బయటికి లాగి, నీళ్ళు చల్లి, నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె ఇది చదివితే, అమ్మా, నీకు దండం.

ఏడుపు సంగతి ఇంతకంటే రాయను. నా బిడ్డ గురించి రాయమంటే నాకు ముందు ఛాతీ పొంగే సంగతులే గుర్తుకొస్తాయి.

నడక రాగానే వాళ్ళ బాపు దుకాణంలో చేరింది. ఆయన తీగ చుడుతుంటే ఆ తీగ కొస పట్టుకుని కూర్చునేది. బడికి పోయే వయసులో, సాయంత్రం వచ్చి సంచి నా పొయ్యి దగ్గర పడేసి, ఒక రొట్టె చుట్టి నోట్లో పెట్టుకుని దుకాణానికి ఉరికేది. చేతులకు ఎప్పుడూ గ్రీజే. ఆ చేతులతోనే రొట్టె పట్టుకుంటే నేను కసిరేదాన్ని.

"గ్రీజు కడుపులకు పోతే లోపటి మిషన్ మంచిగ తిరుగుతది తియ్యమ్మా" అనేది.

ఒకసారి నారాయణరావుపేట నుంచి ఒక పెద్దమనిషి ఆటోలో మోటారు వేసుకొచ్చాడు. మా ఆయన హైదరాబాద్‌కు సామాను కోసం పోయాడు. దుకాణంలో ఇది ఒక్కతే ఉంది. నేను దానికి చాయ్ తీసుకుపోయి అక్కడే ఉన్నాను.

"మీ బాపు లేడా పిల్లా?" అన్నాడాయన.

"లేడు తాతా. మోటర్ దించు."

"నువ్వు ఇప్పుతవా? నువ్వు ఇప్పి పాడు చేస్తే నా పొలం ఎండుతది."

"గిప్పుడు మంచిగున్నదా ఏంది, నేను పాడు చేస్తందుకు?"

ఆయన నన్ను చూశాడు. నేను గిలాసలో చాయ్ పోసి ఆయనకే ఇచ్చాను. ఇది మోటారును చేత్తో తిప్పి, చెవి ఆనించి కాసేపు విన్నది. తీగ కాలలేదు, బేరింగ్ పోయింది, వేరేది వేస్తే సరిపోతుందని చెప్పి, తానే వేసి పంపింది. అప్పటినుంచి ఆయన ఎప్పుడు వచ్చినా దుకాణం బయటి నుంచే "నువ్వొద్దు గని, పిల్ల ఉన్నదా?" అని మా ఆయనను అడిగేవాడు. మా ఆయన పైకి అలిగేవాడు. ఇంటికొచ్చాక ఆ మాట నాకు రెండుసార్లు చెప్పేవాడు.

ఏదైనా విప్పే ముందు అలా వినడం దాని అలవాటు. "ముందు మిషన్ మాట వినాలె, తర్వాత మనం మాట్లాడాలె" అనేది. మనుషుల దగ్గర కూడా అంతే. నేను ఎవరి మీదైనా కోపంతో ఇంటికి వస్తే, మొత్తం చెప్పనిచ్చేది. అంతా అయ్యాక, "అయిందా? ఇగ అన్నం తిందాం పా" అనేది.

మా ఆయన అక్క, నాకు వదినె, దాని చేతిలో బోల్టులు తిప్పే పానా చూసి ఓర్వలేకపోయేది. "ఆడపిల్ల చేతికి గాజులుండాలె గని పానాలుంటయా?" అని మా గుమ్మంలో నిలబడి అనేది.

"నీ గాజులు ఒకసారి ఇటియ్యి అత్తమ్మా, బోల్టుకు సరిపోతయేమో చూస్త" అని ఇది చెయ్యి చాపేది. వదినె గాజులు దాచుకుని నవ్వేది. తిట్టడానికి వచ్చినామె నవ్వి పోయేది.

పాలిటెక్నిక్ అయ్యాక విమానాల పని నేర్పే చదువుకు హైదరాబాద్ పోయింది. ఉద్యోగం వచ్చాక బజారులో అందరూ నన్ను ఒకటే అడిగేవాళ్ళు: "మీ బిడ్డ విమానం నడుపుతదా?" నేను రొట్టె తిప్పుతూనే చెప్పేదాన్ని: "నడపది. మా బిడ్డ చూసి సరే అంటెనే అది లేస్తది." ఈ మాట ఎంతమందికి చెప్పానో. చెప్పిన ప్రతిసారీ రొట్టె బాగా పొంగినట్టుండేది నాకు.

మంచు దేశానికి పోయేటప్పుడు ఎండబెట్టిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం డబ్బాలో కట్టి ఇచ్చాను. పోయాక, సిగ్నల్ దొరికినప్పుడు వీడియోలో మాట్లాడేది. మొదటిసారి తన విమానం చూపించింది. చూస్తే దానికి చక్రాలు లేవు. కింద రెండు పొడుగాటి పడవల్లాంటివి ఉన్నాయి.

"గదేందే, చక్రాలు ఇప్పి పెట్టినవా?" అన్నాను.

"గవి స్కీలమ్మా. మంచుల చక్రం కూరుకపోతది. పొలం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు ఇనుప చక్రాలేస్తరు చూడు, మంచుకు గివి గట్ల."

"మరి బ్రేకు?"

"మంచు మీద బ్రేకేంది? జారి జారి అదే ఆగుతది. ఆగిన కాడ మంచుకు అంటుకుంటది. మల్ల లేవాలంటే కట్టె సుత్తెతోని కొట్టి ఊడదియ్యాలె. గదే నా పని పొద్దుగాల."

"పిండి తడి ఎక్కువైతే రొట్టె పెనానికి అతుక్కున్నట్టా?"

అది పడీపడీ నవ్వింది. "గిది మా కెప్టెన్ సార్‌కు చెప్త ఆగు" అని ఫోను పక్కకు తిప్పింది. విమానం నడిపే ఆయన విశాఖపట్నం దిక్కు మనిషి. నా వయసు ఉంటుంది. "అమ్మా, మీ అమ్మాయి నన్ను రోజూ తిడుతుందండి. మేజోళ్ళు తడిగా ఉంటే విమానం ఎక్కనివ్వట్లేదండి" అన్నాడు. "తిట్టనియ్యి అన్నా, మంచిదే" అన్నాను. పక్కనుంచి అది "సార్, మా అమ్మ కూడా నా దిక్కే" అంది. దాని ముక్కు చలికి ఎర్రగా ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది. తనకు ఇష్టమైన పనిలో ఉన్న మనిషి మొహం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. ఎంతమంది తల్లులకు అది చూడటం దొరుకుతుంది?

తర్వాత ఆ కబురు వచ్చింది. ఎన్నో దేశాల కాగితాలు, దవాఖానలు దాటి దాన్ని పడుకోబెట్టిన పెట్టె సిద్దిపేటకు చేరేసరికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు దాని బడి పిల్లలు రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డారు. దుబ్బాక నుంచి, ఎక్కడెక్కడి నుంచో రైతులు వచ్చారు. వాళ్ళలో చాలామంది పొలాల్లో అది బాగు చేసిన మోటార్లు ఇంకా నీళ్ళు పోస్తున్నాయి.

సాగనంపాక మూడోనాడు పిట్టకు పెట్టాలి. తెలియని పిల్లల కోసం చెబుతాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట విస్తరిలో పెట్టి, కాకిని పిలుస్తారు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయారని. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని. కాకి ముట్టేదాకా ఇంటివాళ్ళు, వచ్చిన చుట్టాలు ఎవరూ మెతుకు నోట్లో వేయరు. పెళ్ళికాని పిల్లకు ఇవన్నీ ఎందుకని కొందరన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు.

తెల్లవారే లేచి వండాను. మటన్ కూర, సర్వపిండి, అన్నం, రొట్టెలు. ఊరి బయట మా చెలక చేనులో వేపచెట్టుకు అవతల విస్తరి పరిచాం. మా ఆయన దుకాణం నుంచి దాని పానా తెచ్చి, తుడిచి, విస్తరి పక్కన పెట్టాడు. నూనె గుడ్డతో ఎంత తుడిచాడంటే అది ఎండకు తళతళ మెరుస్తోంది.

అందరం చెట్టు కిందికి వచ్చి కూర్చున్నాం. కాకులు వచ్చాయి. చెట్టు మీదే కూర్చున్నాయి. ఒకటి దిగి, విస్తరి దాకా నడిచి, మళ్ళీ ఎగిరిపోయింది.

"గా ఇనుము చూసి బెదురుతుంది బావా, తియ్యి" అన్నాడు మా తమ్ముడు.

"తియ్య" అన్నాడు మా ఆయన.

"కాకికి పానా ఎందుకురా?" అంది వదినె.

"కాకికి కాదక్కా. బిడ్డకు."

ఎండ ఎక్కింది. ఆకలికి పిల్లలు సణుగుతున్నారు. కోరిక ఏదో మిగిలిందని పెద్దలు ఒక్కొక్కరే లేచి, విస్తరి వైపు చేతులు జోడించి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. మా తమ్ముడు, "బుజ్జవ్వా, మీ అమ్మను బాపును నేను చూసుకుంట, నువ్వు తిను బిడ్డా" అన్నాడు. కాకి దిగలేదు. వదినె కళ్ళు తుడుచుకుని, "పెండ్లి మీద మనసుండె కావచ్చు" అంది.

"పెండ్లి మాటెత్తితే అది లేచి ఉరికేది వదినె. కాకి కూడా పోతది, ఊకో" అన్నాను.

పైకి అలా అన్నాను గాని నా లోపల ఒకటే గుచ్చుతోంది. మంచులో, చలిలో, నా బిడ్డ ఆకలితో పోయిందా? ఇంత మందికి రొట్టెలు చేసే నా చేయి దానికి అందలేదా? ఈ మాట ఎవరిని అడగాలో తెలియదు. కాకి దిగకపోతుంటే నాకు అదే జవాబు అనిపించింది.

అప్పుడు రోడ్డు మీద ఒక కారు ఆగింది. చంకల కింద కర్రలతో, కాలికి పెద్ద సిమెంటు పట్టీతో ఒకాయన దిగి, దున్నిన చెలకలో పడుతూ లేస్తూ వచ్చాడు. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను. కెప్టెన్ సార్. వీడియోలో చూసిన మనిషిలో సగం ఉన్నాడు. దవడలు లోపలికి పోయాయి.

"అమ్మా, విమానం దించింది నేనేనండి" అన్నాడు. నమస్తే కూడా అనలేదు. అదే ముందు అన్నాడు.

మా తమ్ముడు దిగ్గున లేచాడు. "గీయన చేతులనే పాయె నా మేనగోడలు. మల్ల ఇంటిదాక వచ్చిండు."

"కూసో తమ్మీ. కాలు ఇరిగినాయన నిలవడ్డడు, నువ్వు కూసుంటే తప్పేంది?" అన్నాను. ఎవరో కుర్చీ వేశారు. నేను ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. "చెప్పు అన్నా. ఎట్లయింది?"

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. వాళ్ళు ఇద్దరు సైంటిస్టులను తీసుకుని తిరిగి వస్తున్నారు. దారిలో మబ్బు కమ్మింది. ముందుకు పోవడం మంచిది కాదని మధ్యలోనే మంచు మీద దించాడు. గాలికి మంచు గట్టిపడి గట్లు గట్లుగా ఉంటుందట. ఒక గట్టుకు ఎడమ స్కీ తట్టుకుంది. విమానం ఒక పక్కకు ఒరిగి పడింది. ఈయన కాలు విరిగింది. ఒక సైంటిస్టుకు భుజం విరిగింది, ఇంకొకాయన తలకు దెబ్బ. వెనక కూర్చున్న నా బిడ్డకు పైకి గీత కూడా లేదు.

"తనే స్విచ్చులన్నీ ఆపింది. తనే మమ్మల్ని ఒక్కొక్కరినీ బయటికి లాగింది. పెట్రోలు వాసన వస్తోందని స్టవ్ దూరంగా తీసుకెళ్ళి, ఒక పెట్టె అడ్డం పెట్టి వెలిగించింది. రేడియోలో మేమెక్కడున్నామో చెప్పింది. మంచు కరిగించి, మీరు పంపిన ఎండు రొట్టెలు వేడినీళ్ళలో విరిచి, ఎల్లిపాయ కారం కలిపి మాకు పెట్టిందండి. చలికి నా వేళ్ళు వంగకపోతే తనే నోట్లో పెట్టింది. నేను వద్దంటే తిట్టింది."

"ఏమని తిట్టింది?" అన్నాను. నాకు ఆ మాట వినాలనిపించింది.

ఆయన మన మాటలోనే చెప్పబోయాడు. "'నకరాలు చెయ్యకుండ్రి సార్, తినుండ్రి. ఆకలి మీద చలి ఆగది' అని."

అదే. నా బిడ్డ గొంతే. అక్కడ కూర్చున్నవాళ్ళలో కొందరు కళ్ళనీళ్ళతో నవ్వారు.

"పడినప్పుడు సామాను పెట్టె కడుపులో తగిలిందట అమ్మా. లోపల రక్తం పోయింది. మాకు చెప్పలేదు. మా వాళ్ళు మంచు బండ్లలో వచ్చేసరికి పెట్టెకు ఆనుకుని కూర్చునే ఉంది. నిద్రపోయిందనుకున్నాం."

నేను అడగాల్సింది అడిగాను. "నా బిడ్డ తిన్నదా అన్నా?"

ఆయన చంకకర్రలు పక్కన నేల మీద పెట్టాడు. తిన్నదని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను నమ్మేదాన్ని.

"నేను తర్వాత తింట అంది అమ్మా. తినడం నేను చూడలేదు. మా ముగ్గురికీ పెట్టాక డబ్బాలో ఒక రొట్టె మిగిలింది. పొద్దున..." అని ఆగాడు. "పొద్దున అది నేనే తిన్నానండి. తను తినలేదని నాకు తెలియదు. అప్పటినుంచి నాకు ముద్ద దిగట్లేదు."

వదినె నుదురు కొట్టుకుంది. మా తమ్ముడు అటు తిరిగాడు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు, నేను ఏమంటానో అని.

నాకు ఏమైందో చెప్పడం రాదు. పొద్దుటి నుంచి గుచ్చుతున్నది అలాగే ఉంది గాని, దాని పక్కన ఇంకొకటి లేచి నిలబడింది. నా బిడ్డకు లోపల ప్రాణం పోతోంది. ఆ మాట చెప్పి పడుకోవచ్చు గాని పడుకోలేదు. అది పొయ్యి వెలిగించింది. నేను ఈ రోడ్డు మీద చేసిన రొట్టె, మనిషి పుట్టని నేల మీద ముగ్గురిని సాయం వచ్చేదాకా నిలబెట్టింది. నా చేయి అందలేదని ఎందుకనుకోవాలి? దాని చేతిగుండా అందింది.

"మంచిగ చేసినవన్నా" అన్నాను. "తిననీకే పెట్టింది. నువ్వు తినకపోతే దాని కష్టం వట్టిగనే పోతుండె."

లేచి, కొంగు దోపుకుని, అన్నం గిన్నె మూత తీశాను. "లేవుండ్రి. అందరు విస్తర్లు ఏసుకోండ్రి."

వదినె నా చేయి పట్టుకుంది. "కాకి ముట్టలే పిల్లా. అరిష్టం. ఎవ్వలన్న తింటరా?"

"వదినె, నా బిడ్డ పానం పోతున్నా ముగ్గురికి పెట్టింది. గిప్పుడు దాని పేరు చెప్పి ఇంతమందిని, గీ పసిపోరగాండ్లను ఉపాసం కూసోవెడితే దానికి నచ్చుతదా? నువ్వు దాన్ని ఎత్తుకున్నదానివి, నువ్వే చెప్పు."

వదినె నన్ను చూసింది, ఆ విస్తరి వైపు చూసింది. నా చేయి వదిలింది. వెళ్ళి, మొదటి విస్తరి తనే తెచ్చి కెప్టెన్ సార్ ముందు వేసింది. తర్వాత కాకి ముట్టిందా లేదా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. నేను అటు తిరిగి చూడలేదు.

కుర్చీలో తినడం ఆయనకు ఇష్టం లేకపోయింది. మెల్లగా దించి మా మధ్యనే కూర్చోబెట్టాం. మా ఆయన కూర గిన్నె పట్టుకుని ఆయన ముందు వంగాడు. కబురు వచ్చిన నాటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడని మనిషి, అప్పుడు అడిగాడు:

"సార్, ఏ ముక్క ఇరిగింది?"

"స్కీ కాలండి. విమానానికి స్కీని పట్టి ఉంచేది."

"బోల్టులు?"

ఆయనకు అర్థమైంది. తలెత్తి మా ఆయన కళ్ళలోకి చూశాడు. "ఒక్కటి కూడా వదులు కాలేదండి. తర్వాత విమానం పరీక్ష చేసినవాళ్ళు రాసిచ్చారు. ఇనుమే విరిగింది. మీ అమ్మాయి బిగించిన బోల్టులు బిగించినట్టే ఉన్నాయి."

"మరి గట్టు మీకు కనవడలేదా?"

"మబ్బు పడితే నీడ ఉండదండి. నీడ లేకపోతే తెల్లటి నేల మీద గట్టూ గుంటా ఒకటే."

మా ఆయన మట్టిలో వేలితో ఒక గీత గీసి, దాన్ని చేత్తో చదును చేసి, కాసేపు చూశాడు. "గట్లయితే ఎవ్వలు దించినా పడ్తది సార్" అన్నాడు. కెప్టెన్ సార్ విస్తరిలో ఇంకో గరిటె కూర వేశాడు. "తినుండ్రి."

మా తమ్ముడు నీళ్ళ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టి, అక్కడే కూర్చున్నాడు.

కెప్టెన్ సార్ రొట్టె విరిచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలాడు. గొంతు దిగింది. ఇంకో ముక్క విరిచాడు. తెల్లటి పట్టీ కాలు మా ఎర్రమట్టిలో చాపుకుని, చెంపల మీదుగా కారుతున్నది తుడుచుకోకుండా, తల వంచుకుని తింటూనే ఉన్నాడు. విస్తరి ఖాళీ అయ్యాక, చిన్నపిల్లాడిలా, "ఇంకోటి ఉందా అమ్మా?" అన్నాడు. నేను పెట్టాను.

ఇంతవరకు చదివిన మీకు నేను చెప్పేది ఒకటే. పనులు ఎన్నున్నా వేళకు కూర్చుని, కడుపు నిండా తినండి.